ఏడో పాఠం: ‘బ్ర్యాంగ్’ తప్పు నాదే

పోయిన పాఠంలో నిన్నటి సంగతి చెప్పేటప్పుడు ఇంగ్లీషు క్రియలు ఎలా మారతాయో చూపిస్తూ రింగ్–ర్యాంగ్, సింగ్–స్యాంగ్ జతలిచ్చి, పాటలా పాడిస్తే పిల్లల నోటికి అవే పట్టుబడతాయన్నాను. పట్టుబడ్డాయి, కాకపోతే మరీ ఎక్కువగా. మా ట్యూషన్‌లో రెండో తరగతి బుడతడొకడు మర్నాడే వచ్చి, ‘టీచర్, ఐ బ్ర్యాంగ్ మై వాటర్ బాటిల్’ అన్నాడు. పక్కనున్న పిల్ల అంతకంటే ధీమాగా, ‘ఐ థ్యాంక్ ఇట్ వాజ్ సండే’ అంది. మీ ఇళ్ళలోనూ ఇదే జరిగిందని విన్నాను. ఇవాళ చెప్పాల్సిన కొత్త క్రియల గుంపు అందుకే వచ్చేసారికి వాయిదా.

ముందుగా, పిల్లల్ని కసరకండి. ‘ఇంగ్’ ఉంటే ‘యాంగ్’ అన్న సూత్రం చెప్పింది నేను, వాళ్ళు బుద్ధిగా వాడుకున్నారు. గోడ్, కమ్‌డ్, ఈటెడ్ అనే పిల్లలదీ ఇదే తెలివి. ఇంగ్లీషే ఇంటి భాష అయిన పిల్లలు కూడా మొదట్లో ‘వెంట్’ అని సరిగ్గానే అంటారు. నిన్నటి సంగతికి క్రియ చివర ఈడీ (-ed) చేర్చాలన్న సంగతి బుర్రకెక్కాక కొన్నాళ్ళు ‘గోడ్’ అంటారు. వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది గానీ కాదు.

నేను చెప్పకుండా వదిలేసిన సంగతి ఏమిటంటే, ఇంగ్ వాళ్ళింట్లో మూడు పొయ్యిలున్నాయి. రింగ్, సింగ్, స్ప్రింగ్‌లది ఒక పొయ్యి: ర్యాంగ్, స్యాంగ్, స్ప్ర్యాంగ్. స్వింగ్, స్టింగ్, క్లింగ్ వేరుపడ్డాయి: స్వంగ్, స్టంగ్, క్లంగ్. బ్రింగ్ ఒక్కటీ ఇల్లు వదిలి బై, థింక్, క్యాచ్, టీచ్, ఫైట్‌ల దగ్గర చేరింది: బ్రాట్, బాట్, థాట్, కాట్, టాట్, ఫాట్. ఇంక్ వాళ్ళదీ ఇదే గొడవ. డ్రింక్, సింక్, ష్రింక్ అయితే డ్ర్యాంక్, స్యాంక్, ష్ర్యాంక్. బ్లింక్, వింక్‌లకు మామూలు ఈడీ చాలు.

ఇదంతా మీ కోసం, పిల్లలకి చెప్పకండి. వాళ్ళకి ఇప్పటికి రింగ్, సింగ్, డ్రింక్, స్విమ్, బిగిన్, సిట్, ఈ ఆరూ చాలు. బ్రింగ్‌ని మాత్రం బై పక్కన పెట్టి బజారు వాక్యంతో నేర్పండి: ‘వీ బాట్ మ్యాంగోస్. వీ బ్రాట్ దెమ్ హోమ్.’ రెండూ కలగాపులగం అయితే, బ్రింగ్‌లో ‘ర’ ఉంది కాబట్టి బ్రాట్‌లోనూ ‘ర’ ఉందని చూపిస్తే సరి. పుట్, కట్, హిట్, షట్ మారవు. రీడ్ రాతలో మారదు, పలికేటప్పుడు ‘రెడ్’ అవుతుంది. వీటి గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

వీ వన్, వీ టూ, వీ త్రీ అని క్రియ మూడు రూపాల పట్టిక ఎక్కాల్లా వల్లె వేయించడం నాకు నచ్చదు. గో–వెంట్–గాన్ అని గడగడా అప్పజెప్పిన పిల్లని ‘నిన్న ఎక్కడికెళ్ళావు?’ అంటే ‘యెస్టర్‌డే ఐ గో’ అనడం ఎన్నిసార్లు విన్నానో! పదేళ్ళలోపు వాళ్ళకి నేను వీ త్రీ జోలికే పోను. అది తప్పనే టీచర్లున్నారు, వాళ్ళ పద్ధతి వాళ్ళది.

ఇక నాకు ఒళ్ళు మండే విషయం. ‘డిడ్ యూ వెంట్?’ ‘ఐ డిడ్‌న్ట్ వెంట్.’ పిల్లలే కాదు, వాళ్ళకి నేర్పే పెద్దవాళ్ళూ అంటున్నారు. ‘డిడ్ తర్వాత వీ వన్’ అని వందసార్లు రాయించినా పోదు, ఎందుకంటే ఇది బద్ధకం వల్ల వచ్చే తప్పు కాదు. తెలుగులో ‘వెళ్ళావు’ చివర సాగదీస్తే ‘వెళ్ళావా?’ అని ప్రశ్నయిపోతుంది. క్రియలోని నిన్నటి గుర్తు అలాగే ఉండిపోతుంది. ఆ అలవాటుతోనే పిల్లలు ‘వెంట్’ని కదలకుండా ఉంచి ముందు డిడ్ పెడుతున్నారు. అందుకని ప్రశ్నతో మొదలుపెట్టకండి. ‘లేదు’తో మొదలుపెట్టండి.

‘వెళ్ళాను’కి ‘కాదు’ చెప్పాలంటే ‘వెళ్ళాను లేదు’ అనం, ‘వెళ్ళలేదు’ అంటాం. నిన్నటి సంగతి చెప్పే పని ‘లేదు’ తీసుకుంది, క్రియ ఆ గుర్తు వదిలేసుకుంది. ఇంకా మంచి ఉదాహరణ ‘రా’. నిన్నటి సంగతైతే వచ్చాడు. రాకపోతే? ‘వచ్చలేదు’ అని ఎవరూ అనరు. ‘రాలేదు.’ మళ్ళీ ‘రా’ దగ్గరికే వచ్చాం! కేమ్, డిడ్‌న్ట్ కమ్ చేస్తున్నది అచ్చం ఇదే. తెచ్చాడు–తేలేదు: బ్రాట్, డిడ్‌న్ట్ బ్రింగ్. ఇచ్చాడు–ఇవ్వలేదు: గేవ్, డిడ్‌న్ట్ గివ్. చూశాడు–చూడలేదు: సా, డిడ్‌న్ట్ సీ. తిన్నాడు–తినలేదు: ఎయిట్, డిడ్‌న్ట్ ఈట్ (ఇది ఎనిమిది కాదని పిల్లలకి ఒకసారి చెప్పండి). ఇలా పదిసార్లు తెలుగు జత, ఇంగ్లీషు జత పక్కపక్కనే అనిపిస్తే ‘డిడ్‌న్ట్ వెంట్’ వాళ్ళ చెవికే ఎబ్బెట్టుగా వినపడుతుంది. ఆ తర్వాతే ప్రశ్న: డిడ్‌న్ట్ గో వచ్చిన పిల్లకి డిడ్ యూ గో నేర్పనక్కర్లేదు.

‘రా’కి ‘వచ్చాడు’ ఏమిటని ఇన్నేళ్ళలో మనమెవరం అడగలేదు, చూశారా? ‘రాశాడు’ అంటే ఉత్తరం రాసినట్టు. గో–వెంట్ కూడా అలాంటిదే. ‘వెంట్’ అసలు ‘వెండ్’ అనే వేరే పాత క్రియది. గో దాన్ని చేబదులు తెచ్చుకుని తిరిగివ్వలేదు. ఈ కథ పిల్లలకి తెగ నచ్చుతుంది.

‘హూ ఎయిట్ ద లడ్డూ?’లో డిడ్ ఏదని ఎవరైనా అడిగితే శభాష్ అనండి. జవాబు వచ్చే పాఠంలో.

అభ్యాసం. వరుసగా ఏడు రాత్రులు, అన్నాలయ్యాక. ఆ రోజు చేసినవి పిల్ల ఐదు వాక్యాల్లో చెప్పాలి, అందులో ఒకటి అబద్ధం. ‘ఐ డ్ర్యాంక్ మై మిల్క్.’ మీరు పట్టుకోవాలి: ‘నో, యూ డిడ్‌న్ట్ డ్రింక్ యువర్ మిల్క్!’ తర్వాత మీ అబద్ధాన్ని పిల్ల పట్టుకుంటుంది. మధ్యలో ‘ఐ గోడ్’ అంటే ‘తప్పు’ అనొద్దు. ‘ఓ, యూ వెంట్ దేర్?’ అని మాట కలిపి ముందుకెళ్ళండి.

మీకూ ఉంది పని. వచ్చాడు–రాలేదు లాంటి జతలు ఇరవై, పక్కన వాటి ఇంగ్లీషు జతలతో సహా, ఎక్కడా చూడకుండా కాగితం మీద రాయాలి. పద్నాలుగు దగ్గర ఆగిపోతే మర్నాడు మళ్ళీ మొదటి నుంచి.