సఫారీ లాడ్జ్ బుక్ చేసే ముందు ఏం అడగాలి, వెళ్లాక ఎలా ఉండాలి

ఆఫ్రికా సఫారీ అనగానే అందరం ముందు చూసేది రూమ్ ఫోటోలు, స్విమ్మింగ్ పూల్, రేటు. చూడండి, తప్పులేదు. కానీ డబ్బు కట్టే ముందు లాడ్జ్ వాళ్లకి ఒక మెయిల్ పెట్టి కొన్ని విషయాలు అడగండి, వెబ్‌సైట్‌లో ఎకో, అంటే ప్రకృతికి హాని చేయం, అని ఎవరైనా రాసుకోవచ్చు కదా.

అన్నిటికంటే ముఖ్యం, ఆ నేల ఎవరిది, వాళ్లకి ఏం ముడుతోంది అనేది. కెన్యాలో మసాయి మారా రిజర్వ్‌ని ఆనుకుని కన్జర్వెన్సీలు, అంటే జంతువుల కోసం వదిలిపెట్టిన సొంత భూములు, ఉన్నాయి, అక్కడ మసాయి కుటుంబాలు తమ భూమిని లీజుకిస్తాయి, టూరిజం కంపెనీలు అద్దె కడతాయి. ఆ అద్దె సరిగ్గా అందితేనే వాళ్లు కంచెలు వేయకుండా ఉంటారు, జీబ్రాలకి, వైల్డ్‌బీస్ట్‌లకి దారి మిగులుతుంది. సింహం వచ్చి ఆవుని ఎత్తుకుపోతే నష్టపోయేది మనం కాదు, వాళ్లే. అందుకే అద్దె ఎంత, స్టాఫ్‌లో ఊరివాళ్లు ఎంతమంది, అందులో గైడ్లు, మేనేజర్లు ఎందరు అని సూటిగా అడగండి. నిజంగా చేసేవాళ్లు లెక్కలతో చెప్తారు.

తర్వాత నీళ్లు ఎక్కడివి, మురుగు ఎక్కడికి పోతోంది, కరెంటు సోలారా జనరేటరా అని అడగండి. బోట్స్‌వానాలో చోబే గేమ్ లాడ్జ్ ఎలక్ట్రిక్ జీపులు, బోట్లు నడుపుతోంది, చప్పుడు ఉండదు కాబట్టి ఏనుగులు బెదరవు. బాటిల్ మీరే తీసుకెళ్లండి, కెన్యా నేషనల్ పార్కుల్లో 2020 జూన్ నుంచి సింగిల్ యూజ్ ప్లాస్టిక్ నిషేధం.

ఇక జీపెక్కాక అసలు సంగతి మన చేతిలోనే ఉంటుంది. చీటా ఎక్కువగా పగలే వేటాడుతుంది, పది బళ్లు చుట్టూ మూగితే జింక ముందే పసిగట్టి పారిపోతుంది, చీటా పిల్లలకి ఆ పూట తిండి ఉండదు. డ్రైవర్లు అంత దగ్గరికి పోనిచ్చేది చాలాసార్లు మనం టిప్ తగ్గిస్తామేమో అన్న భయంతోనే, కాబట్టి పొద్దున బయల్దేరేటప్పుడే "అన్నా, దగ్గరికి పోకపోయినా పర్లేదు, రోడ్డు దిగొద్దు, టిప్ ఎలాగూ ఇస్తాం" అని చెప్పేయండి, అతనికీ ఊపిరి ఆడుతుంది.

సింహం పిల్లల్ని ఎత్తుకుని ఫోటో దిగొచ్చు అనే చోటికి అస్సలు వెళ్లొద్దు, దక్షిణాఫ్రికాలో అలా పెంచిన వాటిని పెద్దయ్యాక వేటకి అమ్మిన కథలు బయటికొచ్చాయి. ఖడ్గమృగం ఫోటో పెట్టేటప్పుడు మాత్రం ఫోన్‌లో లొకేషన్ ఆఫ్ చేసి, ఏ పార్కులో ఏ మూల చూశారో రాయకుండా పెట్టండి, లేకపోతే కొమ్ము కోసం చంపే దొంగ వేటగాళ్లకి దారి చూపినట్టే.