రోహిణి కార్తెకు ముందు హ్యాంగ్ గ్లైడర్‌తో గుట్ట ఎక్కేవాళ్లకు

రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు. మన పాలమూరు, నల్గొండ బండలైతే అంతకు నెల ముందే పెనంలా కాగి, మీది గాలిని ఎగదన్నుతుంటాయి. అందుకే ఏప్రిల్, మేలో పొద్దున 9 దాటితే సాయంత్రం 5 దాకా కొత్తవాళ్లు హ్యాంగ్ గ్లైడర్ (ఇంజిన్ లేకుండా, మనిషి కింద వేలాడుతూ ఎగిరే రెక్క) ముట్టుకోవద్దు.

చెలకలో లేచిన సుడిగాలి కనబడేది దుమ్ము, ఎండుటాకులు దొరికితేనే. బండ మీద లేచేది కంటికి ఆనదు. 25, 30 కిలోల బరువుంది కదా అని గ్లైడర్‌ను నిలబెట్టి చాయ్‌కి పోతే, వచ్చేసరికి తలకిందులై ఉంటుంది. తోక గాలి వచ్చే దిక్కుకు తిప్పి, తాడుతో కట్టి, ఒక మనిషి దగ్గరుండాలి.

ఇంకా భయపడాల్సింది దూరాన ఉన్న ఉరిమే మబ్బుకు. నెత్తిమీద ఎండ కొడుతుంటే "అది ఎక్కడో ఉందిలే అన్నా" అనేవాళ్లు మన క్లబ్బులోనే ఉన్నారు. ఉరిమే మబ్బులో వాన ఆవిరై చల్లబడ్డ గాలి దభేలున కిందపడి, నేల వెంబడి 15, 20 కిలోమీటర్లు ముందే ఉరికొస్తుంది. వాన చుక్క పడకముందే దుమారం లేచి ఇంటి రేకులు లేపేది ఇదే. ఉరుము వినబడిందా, ఆ రోజుకు అన్నీ సర్దేయండి. గాల్లో ఉన్నవాళ్లు ఉరుము దాకా ఆగొద్దు, మబ్బు నిలువునా పెరుగుతుంటేనే దిగిపోవాలి.

హార్నెస్‌ను (మనిషిని గ్లైడర్‌కు వేలాడదీసే పట్టీల తొడుగు) ముందు గ్లైడర్‌కు తగిలించి, ఆ తర్వాతే అందులోకి దూరండి. మధ్యలో కారబినర్ (హార్నెస్‌ను గ్లైడర్‌కు కలిపే కొక్కెం) విప్పారా, హార్నెస్ కూడా విప్పేయండి. పరుగెత్తేముందు ఒకరు గ్లైడర్ ముక్కు దగ్గరి తీగలు పట్టుకుంటే పడుకుని వేలాడి చూసుకోవాలి. ఎండకు ఒళ్లు సొలసినప్పుడు మరిచేది సరిగ్గా ఈ తగిలించుకోవడమే. నీళ్లు, హెల్మెట్ సంగతి మళ్లీ చెప్పను.

యాసంగి కోతలయ్యాక మడులన్నీ ఖాళీగా, దిగడానికి రమ్మని పిలిచినట్టే ఉంటాయి. కానీ ప్రతి బోరుకూ ఒక కరెంటు లైను పోతుంది. పైనుంచి తీగ కనబడదు, స్తంభాలనే వెతకాలి. రెండు స్తంభాలు కనబడితే మధ్యలో తీగ ఉన్నట్టే లెక్క. గడ్డపారల్లాంటి పత్తి కట్టె మోళ్లకన్నా వరి కొయ్యకాళ్లు మేలు.

గ్లైడర్ తీగకు తగిలితే ఊరివాళ్లు సాయానికి ఉరికొస్తారు. కరెంటు తీసేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వొద్దు. దిగే ఊరి లైన్‌మన్ నంబరు ఎగరకముందే, కిందున్నవాళ్ల ఫోన్లో ఉండాలి.