ఫైర్ సేఫ్టీ డిగ్రీకి ఫీజు కట్టే ముందు

ఇంటర్ ఫలితాలొస్తే చాలు, అమీర్‌పేటలో ఫైర్ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ల వాళ్లు "వంద శాతం ఉద్యోగం" కాగితాలు పంచుతారు. అడ్వాన్స్ కట్టకముందే ఇవి చూసుకోండి.

డిగ్రీ ఇచ్చేదెవరు? ఆ యూనివర్సిటీ యూజీసీ జాబితాలో లేకపోతే డబ్బుతోపాటు మూడేళ్లూ గంగలో కలిసినట్టే. "అఫిలియేషన్ (యూనివర్సిటీ అనుబంధం) ఉందండీ" అనే నోటిమాట వద్దు, లెటర్ చూపించమనండి.

ప్రభుత్వ అగ్నిమాపక శాఖలో స్టేషన్ ఫైర్ ఆఫీసర్ కావాలనుకుంటే ఈ డిగ్రీయే అక్కర్లేదు. తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో ఏ డిగ్రీ అయినా సరిపోయింది. ఎత్తు, పరుగు మాత్రం తప్పలేదు.

ఫైర్ ఇంజినీరింగే చదవాలంటే కేంద్ర ప్రభుత్వానికి చెందిన నాగ్‌పూర్ నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీ ఫీజుతో పోల్చండి.

ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెప్పేది గల్ఫ్ జీతం. ఈ కోర్సు చేసి ఇక్కడ మాల్‌లో నైట్ షిఫ్ట్ చేస్తూ పంప్ రూమ్ రిజిస్టర్ రాసే కుర్రాడిని మొదటి జీతమెంతో అడగండి. ఫీజు, హాస్టల్ కలిపి ఎన్ని నెలల జీతమో అప్పుడు లెక్కేయండి.