పేజింగ్ ఫైల్ పరిమాణం ఎలా నిర్ణయించాలి?

పర్లాకిమిడిలో డీటీపీ దుకాణాల్లో, ఫొటో స్టూడియోల్లో కంప్యూటర్లు బాగుచేయడం నా పని. పెళ్ళిళ్ళ రోజులు వస్తే ఒకే కంప్యూటర్‌లో ఒడియా శుభలేఖ ఒకవైపు, పాతపట్నం వాళ్ళ తెలుగు శుభలేఖ మరోవైపు, వీటికి తోడు పెళ్ళి ఆల్బమ్ తెరిచి ఉంటాయి. మెమరీ చాలడం లేదన్న హెచ్చరిక రాగానే ర్యామ్‌కు ఒకటిన్నర రెట్లు లెక్కకట్టి పేజింగ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే ఫైల్) పెట్టేస్తారు. ర్యామ్ పెరిగేకొద్దీ ఆ ఫైల్ అవసరం తగ్గాలి. ఈ సూత్రమేమో ఇంకా పెంచమంటుంది! దాన్ని వదిలేయండి.

ఇంట్లో మామూలు పనులకు వాడే కంప్యూటర్ అయితే విండోస్‌కే వదిలేయండి. బరువైన పనులు చేసేవారికే ఈ లెక్క. కావలసినవి: అడ్మినిస్ట్రేటర్ ఖాతా, సి డ్రైవ్‌లో ఖాళీ జాగా, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్.

1. స్టార్ట్ మెనూలో అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్ వెతికి తెరవండి. పెర్ఫార్మెన్స్ కింద సెట్టింగ్స్, తర్వాత అడ్వాన్స్‌డ్, వర్చువల్ మెమరీ దగ్గర చేంజ్ నొక్కండి. ప్రస్తుతానికి ఆటోమేటిక్ గడిలో టిక్ పెట్టి, రీస్టార్ట్ చేయండి.

2. ఇప్పుడు కొలవాలి. అందరూ తప్పు చేసేది ఇక్కడే.

టాస్క్ మేనేజర్‌లో వాడుకలో ఉన్న మెమరీని చూసి లెక్క వేయకండి. చూడవలసింది దాని కిందనున్న కమిటెడ్ అంకె. ప్రోగ్రాములు అడిగిన మెమరీకి విండోస్ ముందే పూచీ పడుతుంది. ఆ పూచీల మొత్తమే కమిటెడ్. ర్యామ్, పేజింగ్ ఫైల్ కలిపితే వచ్చేది దాని హద్దు. 8 జీబీ ర్యామ్‌లో 6 జీబీయే వాడుకలో ఉన్నా, కమిటెడ్ దగ్గర 12.6/12.8 అని కనిపిస్తే ఆ కంప్యూటర్ అంచున ఉన్నట్టే. ర్యామ్ ఖాళీగా ఉండగానే ఆల్బమ్ ప్రోగ్రాము మూతపడడానికి కారణం ఇదే. పేజింగ్ ఫైల్‌ను పూర్తిగా తీసేస్తే వేగం పెరుగుతుందని చెప్పేవాళ్ళ మాట అసలు వినకండి.

మీ పనుల్లో అన్నిటికన్నా బరువైనది ఎంచుకుని, నిజంగా చేసేటప్పుడు ఎలా చేస్తారో అలాగే చేయండి. దుకాణం కట్టేసే వేళ ఖాళీ కంప్యూటర్‌ను కొలిస్తే ప్రయోజనం లేదు. పని అయ్యాక, కంప్యూటర్‌ను ఆపకుండానే, ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూ నుంచి సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి, మెమరీ ట్యాబులో కమిట్ ఛార్జ్ (కమిటెడ్ మొత్తం) కింద పీక్ (అత్యధికంగా చేరిన) అంకె రాసుకోండి. రీస్టార్ట్ చేస్తే ఆ అంకె పోతుంది.

పైనే ఉన్న లిమిట్ అంకెనూ చూడండి. పీక్ దానికి ఆనుకుని ఉంటే ఆ కొలత చెల్లదు. అవసరం అంతకన్నా ఎక్కువ, హద్దు అడ్డుపడింది. సి డ్రైవ్‌ను 50 జీబీకి కుదించిన కంప్యూటర్లలో ఇది తరచూ జరుగుతుంది. ఆటోమేటిక్‌లో పేజింగ్ ఫైల్ ఆ డ్రైవ్ పరిమాణంలో ఎనిమిదో వంతు దాటి పెరగదు, అంటే 6 జీబీ చిల్లర. అప్పుడు 4లో చెప్పినట్టు చేత్తో పెద్ద గరిష్ఠం పెట్టి మళ్ళీ కొలవాలి.

3. పీక్‌లోంచి ర్యామ్ తీసేయండి. పీక్ 13, ర్యామ్ 8 అయితే మిగిలేది 5 జీబీ. అది ఇనీషియల్ సైజు. దానికి రెట్టింపు మాగ్జిమమ్. 1024తో గుణిస్తే 5120, 10240 ఎంబీ. తేడా సున్నా కన్నా తక్కువ వస్తే ఆటోమేటిక్‌లోనే ఉంచండి. రెండు గడుల్లో ఒకే అంకె పెట్టకూడదు, ఎప్పుడైనా పని పెరిగితే ఫైల్ సాగడానికి చోటుండాలి.

4. 1లో తెరిచిన వర్చువల్ మెమరీ కిటికీకి తిరిగి వెళ్ళి, టిక్ తీసి, సి డ్రైవ్ ఎంచుకుని, కస్టమ్ సైజులో ఈ అంకెలు వేసి సెట్ బొత్తాం నొక్కండి. సెట్ నొక్కకుండా ఓకే నొక్కితే మీరు వేసిన అంకెలు నిలవవు. తర్వాత రీస్టార్ట్ చేయండి.

ఎస్ఎస్‌డీ, హార్డ్ డిస్క్ రెండూ ఉంటే ఫైల్ ఎస్ఎస్‌డీ మీదే ఉండాలి. రోజువారీ పనిలోనే పీక్ ర్యామ్‌కు రెట్టింపు దాటుతుంటే, ఫైల్ పెంచడం ఆపి ర్యామ్ కొనండి.