118ఎన్ఈకి పొట్టి స్ప్రింగులు వేసే ముందు మీ వీధి స్పీడ్ బ్రేకర్ కొలవండి

తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద నాది వీల్ అలైన్‌మెంట్ షాపు. పొట్టి స్ప్రింగులతో పాత కార్ల ఎత్తు తగ్గించి కిందికి దించుకున్న కుర్రాళ్లు, టైర్లు లోపలి అంచున అరిగి గుండయ్యాక, చివరికి నా దగ్గరికే వస్తారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక తగ్గింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నా సొంత బండినే ఉదాహరణగా తీసుకుంటాను. అది ప్రీమియర్ 118ఎన్ఈ. 1985లో వచ్చిన ఈ కారుకు బాడీ ఫియట్ 124ది, ఇంజను నిస్సాన్‌ది. ముందూ వెనకా కాయిల్ స్ప్రింగులే కాబట్టి ఈ పనికి బాగా అనువైనది. పద్మినికి వెనక కమాన్లు (పట్టీ స్ప్రింగులు), పాత అంబాసిడర్‌కు ముందు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఉంటాయి. వాటి పద్ధతి వేరు, ఇక్కడ కలపను.

ఎంత దించాలో ఫోటోలు చూసి నిర్ణయించకండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, బండి వెళ్లే దిశలో వెడల్పు 3.7 మీటర్లు. ఫియట్ 124 ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.42 మీటర్లు. అంటే నిబంధన ప్రకారం కట్టిన దిబ్బ మీద బండి మొత్తం ఎక్కి, మొత్తం దిగుతుంది, పొట్ట తగలదు. కాలనీవాళ్లు చందాలు వేసుకుని రాత్రికి రాత్రి పోయించిన దిబ్బలతోనే చిక్కు. అవి సన్నగా, నిటారుగా ఉంటాయి. ముందు చక్రాలు దిగిపోయి వెనక చక్రాలు ఇంకా ఎక్కకముందే సైలెన్సర్ గొట్టం సిమెంటును గీరుతుంది. అందుకే నలుగురిని కూర్చోబెట్టి, బండి కింద అన్నిటికన్నా దిగువన ఉన్న భాగం నేలకు ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి చూడండి. మీరు రోజూ దాటే దిబ్బల్లో అన్నిటికన్నా మొండిదాన్ని కూడా కొలవండి. ఆ రెండింటి మధ్య మిగిలేదే మీకున్న వెసులుబాటు. మన ఊళ్లకు 25 నుంచి 30 మిల్లీమీటర్లు చాలు అంటాను. 50 దించమని అడిగితే నా షాపులో పని దొరకదు.

స్ప్రింగును గ్యాస్ కటింగ్‌తో కోయించకండి, వేడి చేసి కుంగదీయించకండి. ఆ వేడికి ఉక్కు పదును పోతుంది, కోసిన కొస స్ప్రింగు ఆనుకునే గిన్నెలో సరిగ్గా కూర్చోదు. కొత్తగా చుట్టించుకోవడమే మేలు. పొట్టి స్ప్రింగు కాస్త గట్టిగా కూడా ఉండాలి. ఎందుకంటే చక్రం మరీ పైకి రాకుండా ఆపే బంప్ రబ్బరును తాకేలోగా చక్రం పైకి కదిలే దూరం తగ్గిపోయింది. స్ప్రింగు గట్టిదనం, చుట్టిన కడ్డీ మందం × మందం × మందం × మందం లెక్కన పెరుగుతుంది. 13 మిల్లీమీటర్ల కడ్డీకి బదులు 14 వాడితే, చుట్ల సంఖ్య, వ్యాసం అవే ఉన్నా, దాదాపు మూడో వంతు ఎక్కువ బిగుస్తుంది. ఒక్క మిల్లీమీటరే కదా అని రెండు పెంచించుకున్నవాళ్ల నడుములను అడగండి.

ఇంకో లెక్క చాలామందికి తట్టదు. ముందు స్ప్రింగు, చక్రాన్ని బాడీకి కలిపే కింది ఆర్మ్ మధ్యభాగంలో కూర్చుంటుంది, చక్రం ఆ ఆర్మ్ చివర ఉంటుంది. స్ప్రింగు కొద్దిగా కురచైతే చక్రం దగ్గర తేడా దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. వెనక స్ప్రింగు యాక్సిల్ దగ్గరే ఉంటుంది కాబట్టి అక్కడ ఎంత తగ్గిస్తే రమారమి అంతే దిగుతుంది. ముందూ వెనకా ఒకే కొలత తగ్గించారంటే బండి ముక్కు నేలచూపు చూస్తుంది.

షాక్ అబ్జార్బర్లు పాతవే ఉంచి స్ప్రింగులు మాత్రం మార్చడం డబ్బు దండగ. గట్టి స్ప్రింగు తన్నుడును ఆపలేక బండి ఊగుతూనే ఉంటుంది. స్పోర్ట్ రకంలో షాక్ సాగేటప్పుడు నిరోధం ఎక్కువ, అదే మనకు కావలసింది. మామూలు ఆయిల్ షాకులను బిగించే ముందు నిటారుగా పట్టుకుని, కడ్డీని పూర్తిగా లాగి పూర్తిగా నొక్కుతూ కొన్నిసార్లు ఆడించండి. లోపలి గాలి పోయి కదలిక అంతా ఒకే బిగువుతో రావాలి. మెరిసే కడ్డీని కటింగ్ ప్లేయర్‌తో పట్టుకోకండి. ఒక్క గీత పడినా సీలు చిరిగి ఆయిల్ కారుతుంది.

పని వెనక నుంచి మొదలుపెట్టండి, అది సులువు. ముందు రోజే నట్లకు డీజిల్ పోసి నాననివ్వండి. చక్రాలు విప్పక ముందే ఇరుసు మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు నాలుగు మూలలా కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి తేడా కూడా లెక్కలో కలిసిపోతుంది. చదునైన నేల మీద, బాడీ కింద స్టాండ్లు పెట్టి, యాక్సిల్‌ను జాకీ మీద ఆనించండి. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరేవాడికి నేను పానా అందించను. షాకుల కింది బోల్టులు, యాక్సిల్ పక్కకు జరగకుండా అడ్డంగా పట్టి ఉంచే పాన్‌హార్డ్ రాడ్ ఒక కొస విప్పి, జాకీని నెమ్మదిగా దించండి. బ్రేక్ హోసు లాగుడు పడుతోందేమో చూస్తూ ఉండండి. స్ప్రింగు వదులై చేతికి వస్తుంది. పైన ఉండే రబ్బరు గిన్నె పగిలి ఉంటే కొత్తది వేయండి.

ముందు భాగం మాత్రం ప్రమాదకరం. నొక్కి ఉన్న స్ప్రింగు జారితే ఎముకలు విరుగుతాయి. షాక్ స్ప్రింగు లోపలే ఉంటుంది. పై నట్టు బానెట్ కింద దొరుకుతుంది. షాకును తీసేశాక స్ప్రింగ్ కంప్రెసర్‌తో చుట్లను బిగించి, కింది ఆర్మ్ కింద జాకీ ఆనించి, ఆ తర్వాతే ఆర్మ్ చివర హబ్బును కలిపే బాల్ జాయింటు విడదీయాలి. అదనపు జాగ్రత్తగా స్ప్రింగు గుండా ఒక గొలుసు వేసి ఛాసిస్‌కు కట్టండి. హబ్బును బ్రేక్ హోసు మీద వేలాడనివ్వకుండా తీగతో పైకి కట్టండి. కంప్రెసర్ లేకపోతే ఈ భాగం అలవాటున్న మెకానిక్కుకే వదిలేయండి.

అన్నీ అమర్చాక, ఆర్మ్‌ల కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులను చక్రాలు గాల్లో ఉండగా బిగించకండి. రబ్బరు ఆ భంగిమలోనే పట్టుకుపోయి, బండి దించగానే మెలితిరుగుతుంది. కొన్ని నెలల్లో చినుగుతుంది. చక్రాలు వేసి, బండిని నేల మీద నిలబెట్టి, నాలుగు మూలలా ఊపి, బరువు పడ్డాకే చివరి బిగింపు ఇవ్వండి. నా దగ్గరికి వచ్చే బళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

ఎత్తు మారితే పాన్‌హార్డ్ రాడ్ వెనక యాక్సిల్‌ను కాస్త పక్కకు నెడుతుంది. రెండు వైపులా టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఖాళీ చూసుకోండి. వెనక బ్రేకుల ఒత్తిడిని బరువును బట్టి మార్చే వాల్వు యాక్సిల్‌కు తగిలించి ఉంటే దాన్నీ సరిచేయించండి. బండి కుంగి ఉంటే అది లోడు ఉందనుకుని వెనక బ్రేకులు ఎక్కువ పట్టిస్తుంది, వానలో బండి తిరిగిపోతుంది. తర్వాత అలైన్‌మెంట్. కింది ఆర్మ్ దగ్గర షిమ్ము రేకులు తీసి పెట్టి కాంబర్ (చక్రం నిలువుకు లోపలికో బయటికో వాలే కోణం) సరిచేస్తాం, ఆ తర్వాతే టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం). హెడ్‌లైట్ల చూపు కూడా మారి ఉంటుంది.

నడిపి చూడటానికి నేను రంగంపేట మీదుగా భాకరాపేట ఘాట్‌కు పొద్దున్నే వెళతాను. మలుపులో స్టీరింగు తిప్పగానే బండి ఆలస్యం లేకుండా తిరగాలి, గతుకులో ఒకసారి లేచి ఆగిపోవాలి. టంగుమని మోత వస్తే బంప్ రబ్బరు తగులుతోందని అర్థం. అలిపిరి దాటి కొండ మీదికి పరీక్షకు వెళ్లకండి. భక్తుల బస్సుల మధ్య అలాంటి పనులు వద్దు. వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మళ్లీ ఒకసారి బిగించండి. పాత స్ప్రింగులకు గ్రీజు పూసి అటక మీద పెట్టండి. ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) వెళ్లినప్పుడు ఇన్‌స్పెక్టరు అభ్యంతరం చెబితే తిరిగి వేసుకోవడానికి అవే దిక్కు.