6జీ ప్రమాణాలు చదువుకుందాం – 4వ పాఠం: టవర్ నుంచి గుంట గట్టు దాకా సిగ్నల్ లెక్క

పోయిన పాఠంలో డెసిబెల్ లెక్కలు నేర్చుకున్నాం. ఇప్పుడు వాటితో లింక్ బడ్జెట్, అంటే పంపిన శక్తిలో దారిలో పోయేది పోగా అవతల చేరేది ఎంతో చెప్పే లెక్క, వేద్దాం. ఫోన్‌లోని సైంటిఫిక్ కాలిక్యులేటర్ చాలు. అందులో నొక్కాల్సింది లాగ్ మీట, ఎల్ఎన్ కాదు. ఎల్ఎన్ నొక్కితే ప్రతి లాగ్ విలువా 2.3 రెట్లు పెరిగి లెక్కంతా పాడవుతుంది.

నెల్లూరు జిల్లాలో విడవలూరు, ఇందుకూరుపేట వైపు నేలను ఊహించుకోండి. వరిచేలు, రొయ్యల గుంటలు, చదునైన నేల. టవర్ ఎత్తు 35 మీటర్లు. 3 కిలోమీటర్ల అవతల గుంట గట్టు మీద, నేలకు 1.5 మీటర్ల ఎత్తున ఫోన్. ఈ 3 కిలోమీటర్లు ఊరికే తీసుకున్నవి కావు. ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంఘం) 2017లో ఇచ్చిన ఎం.2412 నివేదికలో, మన దేశం పట్టుబట్టి చేర్పించిన గ్రామీణ పరీక్ష ఒకటి ఉంది. అందులో ఫ్రీక్వెన్సీ 700 మెగాహెర్ట్జ్, టవర్ల మధ్య దూరం 6 కిలోమీటర్లు. దాంట్లో సగం మన 3.

మొదటి మెట్టు, ఖాళీ ఆకాశంలో నష్టం:

నష్టం = 32.44 + 20 లాగ్(కిలోమీటర్లు) + 20 లాగ్(మెగాహెర్ట్జ్)

700 మెగాహెర్ట్జ్‌కు 98.9 డీబీ, 3500కు 112.9, 7000కు 118.9 వస్తాయి. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఫ్రీక్వెన్సీని గిగాహెర్ట్జ్‌లో వేసి 32.44నే ఉంచడం. అప్పుడు 60 డీబీ తేడా వస్తుంది. గిగాహెర్ట్జ్‌లో వేయాలంటే 92.45 వాడాలి.

ఈ అంకెలు చూసి 3500 కంటే 700 మెగాహెర్ట్జే 14 డీబీ మెరుగని చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. చదును నేల మీద అది నిజం కాదు. టవర్ నుంచి నేరుగా వచ్చే తరంగంతోపాటు నేల మీద, గుంట నీటి మీద పడి తిరిగి వచ్చే తరంగమూ ఫోన్‌ను చేరుతుంది. ఒక దూరం దాటాక ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం మొదలవుతుంది. దాన్ని బ్రేక్‌పాయింట్ అంటారు. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ వారి టీఆర్ 38.901 పత్రంలో గ్రామీణ నమూనాకు ఇచ్చిన సూత్రం:

బ్రేక్‌పాయింట్ = 2π × టవర్ ఎత్తు × ఫోన్ ఎత్తు × ఫ్రీక్వెన్సీ ÷ కాంతివేగం

ఎత్తులు మీటర్లలో, ఫ్రీక్వెన్సీ హెర్ట్జ్‌లో, కాంతివేగం 3 × 10⁸. మన కొలతలతో 700 మెగాహెర్ట్జ్‌కు సుమారు 770 మీటర్లు, 3500కు సుమారు 3.85 కిలోమీటర్లు. దానికి ఇవతల దూరం రెట్టింపయితే 6 డీబీ పోతుంది, అవతల 12 పోతుంది. మన గట్టు 700కు బ్రేక్‌పాయింట్ అవతల ఉంది కాబట్టి 20 లాగ్(3000 ÷ 770) = 11.8 డీబీ అదనంగా కలపాలి. మొత్తం 110.7. 3500కు కలిపేదేమీ లేదు, 112.9 అలాగే ఉంటుంది. 14 డీబీ అనుకున్న మేలు 2కు దిగింది! నమూనాలోని భవనాల ఎత్తు పదాలను ఇక్కడ వదిలేశాం. ఎత్తు 5 మీటర్లుగా వేసి వాటినీ కలిపితే 700కు ఇంకో 2, 3500కు ఇంకో 5 డీబీ దాకా పెరుగుతాయి.

ఇదంతా చూపుకు అడ్డు లేనప్పటి మాట. మధ్యలో సరుగుడు తోట వచ్చినా, ఉదయగిరి వైపులా కొండ అడ్డొచ్చినా తక్కువ ఫ్రీక్వెన్సీ వంగి చేరినంతగా ఎక్కువది చేరదు. అక్కడ ఈ సూత్రం వాడకండి. అడ్డున్న చోటికి అదే పత్రంలో వేరే సూత్రం ఉంది.

రెండో మెట్టు శబ్దం, అంటే నాయిస్: −174 + 10 లాగ్(హెర్ట్జ్‌లో బ్యాండ్‌విడ్త్) + రిసీవర్ నాయిస్ ఫిగర్ (రిసీవర్ తనవంతుగా కలిపే నాయిస్). టవర్ రిసీవర్‌కు 5 డీబీ వేద్దాం.

టవర్ గట్టిగా పలికినా ఫోన్ అంత గట్టిగా జవాబివ్వలేదు కాబట్టి తెగేది ముందు అప్‌లింకే, అంటే ఫోన్ నుంచి టవర్‌కు వెళ్లే దారే. ఫోన్ శక్తి 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్లు. టవర్ యాంటెన్నా గెయిన్, అంటే ఒక దిశలో సిగ్నల్‌ను పెంచే బలం, 15 డీబీ అనుకుందాం. ఫోన్ గట్టు మీది కాపలా గదిలో ఉంటే గోడలకు 20 డీబీ తీసేద్దాం. 3500 మెగాహెర్ట్జ్ మీద: 23 + 15 − 112.9 − 20 = −94.9 డీబీఎం. ఫోన్ 20 మెగాహెర్ట్జ్ అంతటా పరిస్తే నాయిస్ −96, మిగిలేది 1 డీబీ. అదే శక్తిని ఒక్క 360 కిలోహెర్ట్జ్ బ్లాక్‌లో (నెట్‌వర్క్ ఫోన్‌కు పంచే ఫ్రీక్వెన్సీ ముక్కలో) కుదిస్తే నాయిస్ −113.4, మిగిలేది 18.5 డీబీ. వేగం తగ్గుతుంది, లింక్ నిలుస్తుంది. సెల్ అంచున ఉన్న ఫోన్‌కు నెట్‌వర్క్ తక్కువ బ్లాకులు కేటాయించేది ఇందుకే.

7000 లెక్క ఎందుకంటే, 2027 ప్రపంచ రేడియో సదస్సు కోసం పరిశీలిస్తున్న బ్యాండ్లలో 7.125–8.4 గిగాహెర్ట్జ్ ఒకటి. 3500తో పోలిస్తే 7000కు ఖాళీ ఆకాశంలో నష్టం 6 డీబీ ఎక్కువ. కానీ టవర్ మీద యాంటెన్నా పలక వైశాల్యం మార్చకుండా అందులోని చిన్న యాంటెన్నాలను (ఎలిమెంట్లను) నాలుగింతలు చేస్తే గెయిన్ కూడా 6 డీబీ పెరుగుతుంది. ఆ పలకను వచ్చే పాఠంలో విప్పి చూద్దాం.

అభ్యాసం: దూరం 6 కిలోమీటర్లు చేసి, భవనాల పదాలు లేకుండా 700కూ 7000కూ నష్టం కట్టండి. ముందు రెండింటి బ్రేక్‌పాయింట్లు రాసుకోండి. జవాబులు: 122.7, 124.9. మీకు 700కు 104.9 వస్తే బ్రేక్‌పాయింట్ మెట్టు వదిలేశారన్నమాట.