జోసా కౌన్సెలింగ్: రిజిస్ట్రేషన్ నుంచి సీటు చేతికొచ్చే దాకా

ఐఐటీలు, ఎన్ఐటీల వంటి కేంద్ర సంస్థల్లో ఇంజినీరింగ్ సీట్లు ఇచ్చేది జోసా కౌన్సెలింగ్. 2024లో జేఈఈ అడ్వాన్స్‌డ్ (ఐఐటీల ప్రవేశ పరీక్ష) ఫలితాలు జూన్ 9న వచ్చాయి, జోసా రిజిస్ట్రేషన్ 10న మొదలైంది. 2025లో ఫలితాలు జూన్ 2న వస్తే రిజిస్ట్రేషన్ 3నే తెరిచారు. ఆప్షన్లు, అంటే ఏ కాలేజీలో ఏ బ్రాంచ్ కావాలో వరుసగా, పెట్టుకోవడానికి ఇచ్చే గడువు దాదాపు పది రోజులు. రెండేళ్లు తెల్లవారుజామున లేచి చదివిన పిల్లలు ఈ పది రోజుల దగ్గరికి వచ్చేసరికి ఏమీ తెలియని అయోమయంలో ఉంటారు. పరీక్ష ఎలా రాయాలో అందరూ చెప్పారు కానీ సీటు ఎలా తీసుకోవాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. మంచి ర్యాంకు ఉండి కూడా ఆప్షన్ల వరుస తప్పుగా పెట్టి, ఇష్టం లేని సీటులో చేరిన పిల్లల్ని దగ్గరగా చూశాను కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

జోసా అంటే ఉమ్మడి సీట్ల కేటాయింపు సంస్థ. 23 ఐఐటీలు, 31 ఎన్ఐటీలు, 26 ట్రిపుల్ ఐటీలు, శిబ్‌పుర్‌లోని ఐఐఈఎస్‌టీ అనే ఇంజినీరింగ్ సంస్థ, కేంద్రం నిధులిచ్చే మరికొన్ని సంస్థల సీట్లను 2015 నుంచి ఇదే ఒక్కచోట కేటాయిస్తోంది. ఐఐటీ సీట్లకు అడ్వాన్స్‌డ్ ర్యాంకు చూస్తారు, మిగతా వాటికి మెయిన్ ర్యాంకు. అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు రాలేదని జోసా వైపే చూడని పిల్లలున్నారు. దయచేసి ఆ పొరపాటు చేయకండి. మెయిన్ ర్యాంకు ఉంటే ఐఐటీలు తప్ప మిగతావన్నీ మీకు తెరిచే ఉంటాయి. ఇంటర్‌లో 75 శాతం మార్కులు గానీ, మీ బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో (పై 20 శాతం మందిలో) స్థానం గానీ ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు 65 శాతం చాలు.

ఫలితాలు రాకముందే చేయాల్సిన పనులు

లాగిన్‌కు కావాల్సింది జేఈఈ మెయిన్ అప్లికేషన్ నంబరు, పాస్‌వర్డ్. వినడానికి చిన్న విషయమే. కానీ చాలామంది దరఖాస్తును నెట్ సెంటర్‌లోనో, కాలేజీ ఆఫీసులోనో ఎవరో నింపి ఉంటారు. పాస్‌వర్డ్ వాళ్లకే తెలుసు, ఓటీపీ వెళ్లే ఫోన్ నంబరు కూడా వాళ్లదే. ఇప్పుడే లాగిన్ అయి చూసుకోండి. పాస్‌వర్డ్ మార్చి, ఇంట్లో ఇద్దరికి తెలిసేలా కాగితం మీద రాసి పెట్టండి.

తర్వాతది సర్టిఫికెట్లు. మన రెండు రాష్ట్రాల పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. బీసీ విద్యార్థులు ఈఏపీసెట్‌కు (పాత పేరు ఎంసెట్) వాడిన కుల ధ్రువపత్రమే జోసాకూ సరిపోతుందనుకుంటారు. సరిపోదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉన్న ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణిలోకి రారని చెప్పే) సర్టిఫికెట్ కావాలి. అది కూడా ఆ ఏడాది ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ జారీ అయినదై ఉండాలి. ఈడబ్ల్యూఎస్‌ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాల) సర్టిఫికెట్‌కూ ఇదే తేదీ నియమం. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండి తీరాలని లేదు, కాబట్టి ముందు ఆ జాబితా చూసుకోండి. ఏప్రిల్ మొదటి వారంలోనే తెలంగాణలో మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టేయండి. తహసీల్దార్ సంతకం అయి వచ్చేసరికి రోజులు గడుస్తాయి. జూన్‌లో అందరూ ఒకేసారి పరుగెత్తేటప్పుడు ఆ లైన్‌లో మీరు ఉండకూడదు. సర్టిఫికెట్ చెల్లదని తేలితే, కేటగిరీ కింద వచ్చిన సీటు రద్దవుతుంది. ఆపైన ఓపెన్ కోటాలో ఏది మిగిలితే అదే.

కాగితాల మీద పేరు కూడా సరిచూసుకోండి. పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో మరోలా ఇంటిపేరు ఉంటే ముందే సరిచేయించుకోవడం మేలు.

హోమ్ స్టేట్ అంటే సొంతూరు కాదు

ఎన్ఐటీల్లో సగం సీట్లు ఆ రాష్ట్రం పిల్లలకు, మిగతా సగం బయటి రాష్ట్రాల వాళ్లకు. ఇక్కడ మీ రాష్ట్రం ఏదో తేల్చేది మీరు పుట్టిన ఊరో, మీ నాన్నగారి ఓటరు కార్డో కాదు. ఇంటర్ మొదటిసారి ఎక్కడ పాసయ్యారన్నదే లెక్క. ఒంగోలు అబ్బాయి హైదరాబాద్ హాస్టల్లో ఉండి తెలంగాణ బోర్డులో ఇంటర్ పాసైతే అతని హోమ్ స్టేట్ తెలంగాణ. అతనికి వరంగల్ ఎన్ఐటీ సొంత రాష్ట్రం కోటాలో వస్తుంది, తాడేపల్లిగూడెంలోని ఎన్ఐటీ ఆంధ్రప్రదేశ్ బయటి రాష్ట్రం కోటాలోకి పోతుంది. విజయవాడలో చదివిన ఖమ్మం అమ్మాయికి దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. కటాఫ్‌లు చూసేటప్పుడు ఈ సంగతి తెలియకపోతే వేసుకున్న అంచనాలన్నీ తప్పుతాయి. ఐఐటీల్లో, ట్రిపుల్ ఐటీల్లో ఈ హోమ్ స్టేట్ కోటా లేదు.

కటాఫ్‌ల గురించి ఇంకొక్క మాట. జోసా వెబ్‌సైట్‌లో గత సంవత్సరాల ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకులు (ఆ సీటు దక్కిన మొదటి, చివరి ర్యాంకులు) ఉంటాయి. ఓబీసీ సీట్ల వరుసలో కనిపించేది ఓబీసీ ర్యాంకు, ఓపెన్ వరుసలో కనిపించేది ఆల్ ఇండియా కామన్ ర్యాంకు. మీ కామన్ ర్యాంకును ఓబీసీ క్లోజింగ్ ర్యాంకుతో పోల్చుకుని ‘మనకు రాదులే’ అని నిరాశపడిన ఇళ్లు నాకు తెలుసు. మీ స్కోరు కార్డులో రెండు ర్యాంకులూ ఉంటాయి, దేన్ని దేనితో పోల్చాలో చూసుకోండి. ఆడపిల్లల కోసం 2018 నుంచి ప్రత్యేకంగా అదనపు సీట్లు ఉన్నాయి. వాటికి విడిగా ఆప్షన్ పెట్టక్కర్లేదు. ముందు ఆ సీట్లకు, తర్వాత అందరితో కలిపి ఉన్న సీట్లకు సిస్టమే వాళ్లను పరిశీలిస్తుంది.

ఆప్షన్ల వరుస

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మీకు ఏది ఎక్కువ ఇష్టమో అది పైన పెట్టండి. వస్తుందా రాదా అన్న లెక్కతో వరుస మార్చకండి.

చాలామంది పెద్దవాళ్లు దీనికి విరుద్ధంగా చెబుతారు. ‘రాని సీటు మొదట పెడితే ఆప్షన్ వృథా, ఈలోగా వచ్చే సీటు వేరేవాళ్లు ఎగరేసుకుపోతారు’ అంటారు. ప్రేమతో చెప్పే మాటే, కానీ జోసా పద్ధతిలో అది నిజం కాదు. డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే ఇద్దరు గణితవేత్తలు 1962లో ప్రచురించిన ఒక ఆలోచన ఈ కేటాయింపుకు మూలం. ఆ పరిశోధనలకే షాప్లీకి 2012లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. అది పనిచేసే తీరు ఇలా ఉంటుంది. కంప్యూటర్ మిమ్మల్ని మీ మొదటి ఆప్షన్ దగ్గర నిలబెడుతుంది. అక్కడ సీట్లన్నీ మీకంటే ముందు ర్యాంకు వాళ్లతో నిండిపోతే రెండో దానికి పంపుతుంది. అక్కడ మీకంటే వెనుక ర్యాంకు వాళ్లు అప్పటికే కూర్చుని ఉన్నా సరే, వాళ్లను పక్కకు జరిపి మీకు చోటిస్తుంది. ఎవరు ఎన్నో ఆప్షన్‌గా పెట్టారన్నది అక్కడ లెక్కలోకే రాదు. ఒక సీటును మీరు నలభయ్యో ఆప్షన్‌గా పెట్టుకున్నారు, మీ వెనుక ర్యాంకు అబ్బాయి అదే సీటును మొదటి ఆప్షన్‌గా పెట్టుకున్నాడు అనుకోండి. మీ ముందు 39 రాకపోతే ఆ సీటు మీకే వస్తుంది, అతనికి కాదు.

అందుకే ఆశపడి పైన పెట్టుకున్న ఆప్షన్ వల్ల మీకు పోయేదేమీ లేదు. నష్టం వచ్చేది తిరగేసి పెట్టినప్పుడే. ఇష్టమైన ఈసీఈని (ఎలక్ట్రానిక్స్ బ్రాంచ్) కింద పెట్టి, ‘ఇది ఖాయం’ అని సివిల్‌ను పైన పెడితే, రెండూ వచ్చే ర్యాంకు ఉన్నా కంప్యూటర్ మీకు సివిలే ఇస్తుంది. మీరు అడిగింది అదే కదా. సీట్లను విడతలుగా, అంటే రౌండ్లలో, కేటాయిస్తారు; తర్వాతి రౌండ్లలో ఈసీఈ వైపు వెళ్లే దారి కూడా ఉండదు, ఎందుకంటే మీ జాబితా ప్రకారం అది మీకు తక్కువ ఇష్టమైనది.

ఆప్షన్లకు పరిమితి లేదు, ఎన్నయినా పెట్టుకోవచ్చు. అర్హత ఉన్నవాళ్లు ఐఐటీలు, ఎన్ఐటీలు అన్నీ ఒకే జాబితాలో కలిపి పెట్టాలి. అలాగని కనిపించినవన్నీ చేర్చకండి. వస్తే చేరనని మనసుకు గట్టిగా తెలిసిన సీటును జాబితాలో ఉంచొద్దు. అలాంటి సీటు వచ్చి మీరు వద్దంటే జోసా నుంచే బయటికి వెళ్లిపోతారు. రౌండ్లు ఐదారు జరిగినా ఆప్షన్లు పెట్టుకునే అవకాశం ఒక్కసారే. కాబట్టి ఒక ఆదివారం పూట అమ్మానాన్నలతో కూర్చుని తెల్లకాగితం మీద వరుస రాసుకోండి, ఆ తర్వాతే కంప్యూటర్ ముందుకు వెళ్లండి. బ్రాంచా, కాలేజీయా అన్న వాదన ప్రతి ఇంట్లోనూ జరుగుతుంది. నాలుగేళ్లు ఆ పుస్తకాలు చదివేది పిల్లలే కాబట్టి చివరి మాట వాళ్లదే అయితే బాగుంటుందని నా అభిప్రాయం.

గడువులోగా రెండు మాక్ కేటాయింపులు చూపిస్తారు. అప్పటిదాకా జనం పెట్టిన ఆప్షన్లతో వేసిన లెక్క అది, అసలు సీటు కాదు. దాన్ని చూసి కంగారుపడి వరుస మార్చకండి. లాక్ చేయడం మరిచిపోతే చివరిసారి సేవ్ చేసిన జాబితా దానంతటదే లాక్ అవుతుంది. అయినా మీ చేతులతో లాక్ చేసి ప్రింటు తీసుకోవడమే మంచిది.

సీటు వచ్చాక

రౌండ్‌లో సీటు రాకపోతే ఏమీ చేయనక్కర్లేదు, తర్వాతి రౌండ్‌లో మీరు ఉన్నట్టే. వస్తే మాత్రం గడువులోగా ఆన్‌లైన్ రిపోర్టింగ్ పూర్తి చేయాలి. అంటే ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్‌లలో ఒకటి ఎంచుకోవాలి, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయాలి, సీటు అంగీకార రుసుము కట్టాలి. రుసుము ఎంతో ఆ ఏడాది జోసా నిబంధనల్లో (బిజినెస్ రూల్స్) ఉంటుంది. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు తక్కువ. మీ బ్యాంకు యాప్‌లో రోజువారీ పరిమితి ఆ మొత్తానికి సరిపోతుందో లేదో ముందురోజే చూసుకోండి. ఆఖరి రోజు సాయంత్రం తెలిస్తే ఆ టెన్షన్ ఎవరూ భరించలేరు.

ఫ్రీజ్ అంటే ఈ సీటు చాలు, ఇక మార్పు వద్దు అని. ఫ్లోట్ అంటే ఈ సీటు ఉంచండి, నా జాబితాలో దీనికంటే పైన ఉన్నది ఏ కాలేజీలో దొరికినా ఇవ్వండి అని. స్లైడ్ కూడా అలాంటిదే, కానీ అదే కాలేజీలో పై బ్రాంచ్ వరకే. ఫ్లోట్ పెడితే ఉన్న సీటు కూడా పోతుందేమోనని ఎంతోమంది భయపడి మొదటి రౌండ్‌లోనే ఫ్రీజ్ చేసేస్తారు. ఆ భయం అక్కర్లేదు. పైన ఉన్నది నిజంగా దొరికితేనే పాతది వదులుతారు. దొరకకపోతే పాతది మీ పేరు మీదే ఉంటుంది. పైది దొరికాక మాత్రం వెనక్కి వెళ్లలేరు. జాబితా వరుస నిజాయితీగా పెట్టి ఉంటే, వెనక్కి వెళ్లాలన్న అవసరమే రాదు.

అప్‌లోడ్ చేసిన కాగితాలను ఒక అధికారి పరిశీలిస్తారు. సందేహం ఉంటే క్వెరీ పెడతారు. దానికి గడువులోగా జవాబివ్వకపోతే సీటు రద్దు. డబ్బు కట్టాం, అయిపోయింది అనుకుని పెళ్లికో ప్రయాణానికో వెళ్లిపోయి, క్వెరీ చూసుకోక సీటు పోగొట్టుకున్న కుటుంబం బాధ మాటల్లో చెప్పలేను. అంగీకారం ఖరారైందని తెరమీద కనిపించే దాకా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లాగిన్ అయి చూడండి.

సీటు వద్దనుకుంటే చివరి రౌండ్‌కు ముందే ఉపసంహరించుకోవాలి. ప్రాసెసింగ్ రుసుము తీసుకుని మిగతాది వెనక్కి ఇస్తారు. లాంగ్ టర్మ్ (మరో ఏడాది కోచింగ్) తీసుకుని మళ్లీ అడ్వాన్స్‌డ్ రాయాలనుకునే వాళ్లు ఈ ఉపసంహరణ గడువును మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. ఐఐటీలో చేరిన వాళ్లకు మరుసటి ఏడాది అడ్వాన్స్‌డ్ రాసే అర్హత ఉండదు.

జోసా నడుస్తున్నంత కాలం రాష్ట్ర కాలేజీల సీట్ల కోసం పెట్టే ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు కూడా వదలకండి, రెండూ వేర్వేరు ప్రక్రియలు. ఒరిజినల్ టీసీని ఏ కాలేజీకైనా ఇచ్చేముందు, అవసరమైతే ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో అడగండి.

ఎన్ఐటీ, ట్రిపుల్ ఐటీ సీట్లకు చివరి రౌండ్ తర్వాత ప్రవేశ రుసుములో కొంత భాగం ఆన్‌లైన్‌లో కట్టాలి. ఇది కట్టకపోతే, అన్ని రౌండ్లు దాటుకుని వచ్చిన సీటు కూడా నిలవదు. ఆ తర్వాత ఒరిజినల్స్‌తో కాలేజీకి వెళ్లి హాజరు కావాలి. అప్పటికీ ఐఐటీలు కాని సంస్థల్లో మిగిలిన సీట్లకు సీశాబ్ (కేంద్ర సీట్ల కేటాయింపు బోర్డు) ప్రత్యేక రౌండ్లు జరుగుతాయి. వాటికి మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి, ఆప్షన్లు కొత్తగా పెట్టుకోవాలి. జోసాలో పెట్టిన జాబితా అక్కడికి రాదు.